గేర్‌బాక్స్ విప్పి బిగించాక మిషన్ కదలకపోతే

(దాళ్వా కోతలకు ముందు సంఘం ఏర్పాటు చేసిన సమావేశంలో రైతులు, కోత మిషన్ల యజమానులు, డ్రైవర్లను ఉద్దేశించి చేసిన ప్రసంగం)



సంఘం మీటింగ్ అంటే మద్దతు ధర, కౌలు కార్డులు, కాలువ నీళ్లు అని మీరు అనుకుని వచ్చి ఉంటారు. అవి మధ్యాహ్నం మాట్లాడేవాళ్లు ఉన్నారు. నన్ను చైన్ మిషన్ గేర్‌బాక్స్ గురించి మాట్లాడమన్నారు. ఇది రైతు సమస్యేనా అని ఒక కుర్రాడు గుమ్మం దగ్గరే అడిగాడు. రైతు సమస్య ఎలా అయిందో ముందు చెప్పి, తర్వాత గేర్‌బాక్స్‌లోకి వెళ్తాను. నేను మెకానిక్‌ని కాను. టెన్త్ చదివి పొలంలోకి దిగినవాణ్ణి. డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న చదువు ఇది.

2023 సార్వా గుర్తుందిగా. మిచౌంగ్ తుపాను డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. వస్తోందని అంతకు మూడు, నాలుగు రోజుల ముందే మనకి తెలుసు. చేలు పండి ఉన్నాయి, అందరూ మిషన్ల కోసం పరుగులు. మా వీధిలో నలుగురం కలిసి కొనుక్కున్న చైన్ మిషన్ ఉంది. దాని హెచ్‌ఎస్‌టీ వేడెక్కితే జావకారిపోతోందని అక్టోబర్‌లోనే పట్నంలో ఒక షెడ్డుకి తోలి, పూర్తిగా విప్పించి, కొత్త సామాను వేయించాం. సామానుకి, లేబర్‌కి కలిపి లక్షా పది వేలు. తెచ్చుకున్న మిషన్ మొదటి రోజు బంగారంలా నడిచింది. రెండో రోజు మధ్యాహ్నం చేలో మధ్యన ఆగిపోయింది. లివర్ ముందుకి తోస్తే ఈల వేసినట్టు ఒకటే కూత, చైను మాత్రం కదలదు.

ఫోన్ చేస్తే షెడ్డాయన చూడకుండానే చెప్పేశాడు, "పంపు పోయిందండి, కొత్త అసెంబ్లీ వేసుకోవాలి" అని. పది నిమిషాలు ఆపి స్టార్ట్ చేస్తే కదులుతుంది. పావు ఎకరం కోస్తుంది, మళ్లీ ఆగుతుంది. అలా రెండు రోజులు పోయాయి. చివరికి పక్క ఊరి నుంచి ఒక ముసలి మెకానిక్‌ని బండి మీద కూర్చోబెట్టుకుని తెచ్చాం. ఆయన పంపు జోలికే పోలేదు. ఆయిలు లాగే చోట ఉండే ఫిల్టర్ ఊడదీసి, గోనె సంచి మీద బోర్లించి తట్టాడు. పసుప్పచ్చటి తుక్కు, మినప్పొట్టులాగా, గుప్పెడు రాలింది. పాత పంపు అరిగిపోయినప్పుడు ఊడిన ఇత్తడి తుక్కది. కొత్త సామాను వేసిన షెడ్డువాళ్లు ఆయిల్ కూలర్ని, గొట్టాల్ని కడగలేదు. పాత ఫిల్టర్నే గాలి కొట్టి తిరిగి పెట్టేశారు. కూలర్లో దాక్కున్న చెత్తంతా కొత్త ఆయిల్లోకి దిగి ఫిల్టర్ దగ్గర చేరింది. పంపు మంచిదే, దానికి తాగడానికి ఆయిలు అందడం లేదంతే.

ఫిల్టర్ మార్చి, కూలర్ కడిగి, ఆయిలు మార్చేసరికి మూడో తారీఖు రాత్రయింది. అప్పటికే చినుకులు. మా తర్వాత వంతు మా వరసకి బావగారు ఒకాయనది, మూడెకరాల కౌలు చేను. ఆ చేను కొయ్యలేకపోయాం. తుపాను వెళ్లాక చూస్తే వరి అంతా నీళ్లలో చాపలా పడుకుని ఉంది. వారానికి కంకుల మీదే మొలకలొచ్చాయి. ప్రభుత్వం కొనాలంటే తేమ 17 శాతం దాటకూడదు, గింజ రంగు మారకూడదు. ఇక ఆ ధాన్యం ఎవడు కొంటాడు? కౌలు మాత్రం బస్తా తగ్గకుండా కట్టాడాయన. నన్ను ఒక్క మాట అనలేదు. "మిషనే కదా బావా, నువ్వేం చేస్తావు" అన్నాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఎందుకంటే నేను చెయ్యగలిగింది ఒకటుంది. షెడ్డు నుంచి మిషన్ తెచ్చుకునేటప్పుడు "కూలర్ కడిగారా?" అని ఒక్క ప్రశ్న అడగడం. నాకు తెలియక అడగలేదు.

ఇప్పుడు అసలు విషయం. క్లచ్ తొక్కి గేరు మార్చే పని లేకుండా పట్నంలో ఆటోమేటిక్ కార్లు వచ్చాయి కదా. మన చైన్ మిషన్ కూడా ఆ బాపతే, లోపల పద్ధతి వేరు. ఇంజన్ నుంచి బెల్టు మీద ఒక పంపు తిరుగుతుంది. దాంట్లో రివాల్వర్ గుండుల్లాగా చుట్టూ పిస్టన్లుంటాయి, వాటి కాళ్ల కింద వాలే పళ్లెం ఒకటి ఉంటుంది. మీరు లివర్ తోస్తే ఆ పళ్లెం వాలుతుంది. ఎంత వాలితే పిస్టన్లు అంత ఆయిలు తోస్తాయి. ఆ ఆయిలు పక్కనున్న మోటారుని తిప్పుతుంది, మోటారు గేర్‌బాక్స్‌ని, గేర్‌బాక్స్ చైన్లని. లివర్ నడిమధ్యన ఉంటే పళ్లెం సమంగా ఉంటుంది, ఆయిలు తోయదు, మిషన్ నిలబడుతుంది. వెనక్కి లాగితే పళ్లెం అటు వాలుతుంది, మిషన్ వెనక్కి నడుస్తుంది. ఇవి కాక లోపల కారిపోయే ఆయిల్ని ఎప్పటికప్పుడు నింపడానికి చార్జి పంపు అని చిన్నదొకటి ఉంటుంది. చిన్నదే గాని అది లేకపోతే పెద్దది పనిచేయదు.

విప్పి బిగించిన మిషన్ అసలు కదలకపోతే మొట్టమొదట పంపుని అనుమానించకండి. మన కాలువ గట్టు మీద ఆయిల్ ఇంజన్ పంపు నీళ్లు లాగకపోతే ఏం చేస్తాం? పంపు మారుస్తామా? ఫుట్ వాల్వులో చెత్త ఉందేమో చూస్తాం, గొట్టం గాలి పీలుస్తోందేమో చూస్తాం, నీళ్లు పోసి ప్రైమ్ చేస్తాం. ఇక్కడా అంతే. ఆయిలు మట్టం చూడండి. స్లో, ఫాస్ట్ మార్చే చిన్న లివర్ న్యూట్రల్లో ఉండిపోయిందేమో చూడండి. నవ్వకండి, దీనికే పట్నం నుంచి మెకానిక్‌ని రప్పించినవాళ్లున్నారు. పంపు బెల్టు బిగువు చూడండి, దాని స్ప్రింగు తగిలించారో లేదో చూడండి. లివర్ తోసినప్పుడు పంపు పక్కనున్న చెయ్యి కూడా కదులుతోందా, లేక రాడ్డు పిన్ను పెట్టడం మర్చిపోయారా? కొన్ని మిషన్లకి లాగి తీసుకెళ్లడానికి వీలుగా బైపాస్ స్క్రూ ఉంటుంది. అది వదులుగా వదిలేస్తే ఎంత ఆయిలు తోసినా అటునుంచటే తిరిగిపోతుంది. ఇవన్నీ రూపాయి ఖర్చు లేనివి. ఇవి చూశాకే లోపలికి వెళ్లాలి.

ముందుకి నడుస్తుంది, వెనక్కి నడవదు, లేదా వెనక్కి నడుస్తుంది, ముందుకి నడవదు. ఇది మంచి ఆనవాలు. ఒక వైపు నడుస్తోందంటే ఆయిలు ఉంది, బెల్టు బాగుంది, చార్జి పంపు పనిచేస్తోంది. ఇక మిగిలేవి రెండు. లివర్ రాడ్డు కొలత తప్పి ఒక వైపు పళ్లెం పూర్తిగా వాలకపోవడం, లేదా ఆ వైపు రిలీఫ్ వాల్వులో చెత్త ఇరుక్కుని మూసుకోకపోవడం. మెకానిక్ పంపు మొత్తం మార్చాలంటే "ముందు రెండు వైపుల వాల్వులు అటుదిటు మార్చి చూడు తమ్ముడూ" అనండి. రెండూ ఒకే రకం ఉన్న మిషన్లలో మార్చి చూడొచ్చు. జబ్బు కూడా వైపు మారితే జబ్బు వాల్వుదే.

లివర్ మధ్యలో ఉన్నా మిషన్ మెల్లగా పాకుతుంటే భయపడక్కర్లేదు, అది న్యూట్రల్ సెట్టింగ్ తప్పడం. కానీ దాన్ని తేలిగ్గా వదలొద్దు. కటర్ బార్ ముందు చెత్త తియ్యడానికి మనిషి దిగుతాడు, మిషన్ జరుగుతుంది. ఆ సెట్టింగ్ చేయించకుండా మిషన్ చేలో దింపకండి. ఇంజన్ ఆపకుండా ఎవరూ మిషన్ ముందుకి వెళ్లకండి, సెట్టింగ్ సరిగ్గా ఉన్నా సరే.

ఒక వైపుకే లాగుతుంటే సాధారణంగా హెచ్‌ఎస్‌టీ తప్పు కాదు. రెండు చైన్ల బిగువులో తేడా గాని, తిప్పే వైపు క్లచ్ కేబుల్ మరీ బిగించేయడం గాని అయి ఉంటుంది.

ఇప్పుడు అందరికీ తగిలే జబ్బు. పొద్దున్న బాగుంటుంది, ఎండెక్కేసరికి బలం పోతుంది. దీనికి మూడు కారణాలుంటాయి, మూడింటికీ పైకి లక్షణం ఒకటే కనిపిస్తుంది, ఖర్చు మాత్రం వందల నుంచి లక్షల దాకా తేడా. ఇక్కడే మనం మోసపోతాం. ఇక్కడ కాస్త చెవి పెట్టండి.

ఒకటి, బెల్టు జారడం. బరువు పడినప్పుడు బలం తగ్గుతుంది. రబ్బరు కాలిన వాసన, బెల్టు పక్కలు నున్నగా అద్దంలా మెరవడం చూస్తే తెలుస్తుంది. రెండు, లోపలి సామాను అరుగుదల. ఆయిలు చల్లగా చిక్కగా ఉన్నంతసేపూ సందుల్లోంచి తక్కువ కారుతుంది. వేడెక్కి పలచబడగానే ఎక్కువ కారిపోతుంది. ఇలాంటి మిషన్ని పది నిమిషాలు ఆపినా లాభం ఉండదు, గంటలు చల్లారితేనే మళ్లీ బలం వస్తుంది. మూడు, మాకు తగిలింది, ఫిల్టర్ మూసుకుపోవడం. ఇక్కడ తేడా గమనించండి. ఆయిలు ఇంకా కాలిపోతూనే ఉంటుంది, కానీ పది నిమిషాలు ఇంజన్ ఆపితే చాలు, మళ్లీ కదులుతుంది. ఎందుకంటే లాగుడు ఆగగానే ఫిల్టర్‌కి అంటుకున్న చెత్త కిందికి రాలుతుంది. మళ్లీ నడిపితే మళ్లీ వచ్చి అంటుకుంటుంది. పైగా ఆయిలు అందని పంపు కూత పెడుతుంది. ఆ కూత వినపడ్డాక కూడా "ఈ ఒక్క మడి కోసేద్దాం" అని నడిపితే, అప్పుడు నిజంగానే పంపు పోతుంది.

కూతకి మరో కారణం గాలి. లాగే గొట్టం దగ్గర ఓ-రింగు నలిగినా, పాతదే తిరిగి వేసినా గాలి పీలుస్తుంది. ఆయిల్లో బుడగలు, నురగ కనిపిస్తాయి. ఆయిలు మజ్జిగలా తెల్లబడితే మాత్రం అది నీళ్లు చేరినట్టు. మన చేలల్లో బురదలో నానే మిషన్లకి సీలు దెబ్బతింటే అది మామూలే. మట్టం పెరిగింది కదా అని సంతోషించేవాణ్ణి నేను కళ్లారా చూశాను. ఆయిలు తనంతట తాను పెరగదండి.

పాత ఆయిలు తీసేటప్పుడు పక్కన నిలబడండి. షెడ్డువాళ్లు మొహమాటపెడతారు, టీ తాగి రండి అంటారు. వెళ్లొద్దు. తెల్ల గుడ్డలోంచి ఆ ఆయిలు వడకట్టమనండి. పసుప్పచ్చ తుక్కు ఉంటే పంపో మోటారో అరుగుతోంది. అయస్కాంతానికి అంటుకునే తుక్కు ఉంటే గేర్లో బేరింగులో. అంటుకోని నల్లటి పొడి ఉంటే క్లచ్ ప్లేట్లు. డ్రెయిన్ బోల్టు అయస్కాంతం మీద సన్నటి బూడిదలాంటి పొర ఉంటే అది మామూలు అరుగుదలే, గీరుకునే ముక్కలు తగిలితే మాత్రం లోపల ఏదో విరిగింది. ఈ గుడ్డ పారేయకండి, ఫోటో తీసి పెట్టుకోండి. ఎందుకో తర్వాత చెప్తాను.

తుక్కు కనిపించిన ప్రతి మిషన్‌కీ కొత్త సామాను వేసే ముందు కూలర్, గొట్టాలు, గేర్‌బాక్స్ అడుగు కడగాలి. కూలర్ని ఆయిలు నడిచే దారికి ఎదురుగా కడగాలి, లేకపోతే ఇరుక్కున్నది ఇంకా లోపలికి బిగుస్తుంది. గాలి కొట్టి ఆరబెట్టాలి. ఫిల్టర్ కొత్తది వేయాలి. ఫిల్టర్ దగ్గర మిగుల్చుకున్న వందలు పంపు దగ్గర లక్షలై తిరిగొస్తాయి.

మిషన్ బిగించాక మొదటి అరగంట చాలా ముఖ్యం. పంపు గూట్లో చేత్తో ఆయిలు నింపకుండా స్టార్ట్ చేస్తే కొత్త సామాను ఆయిలు లేకుండా ఒరుసుకుంటుంది. ఆ కొద్ది నిమిషాల్లో పడ్డ గీతలు ఆ మిషన్‌కి జీవితాంతం ఉంటాయి. ఆయిలు నింపి, చిన్న లివర్ న్యూట్రల్లో పెట్టి, ఇంజన్ తక్కువ స్పీడులో వదిలి, పెద్ద లివర్ ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెంగా కదుపుతూ గాలి పోనివ్వాలి. మట్టం తగ్గితే మళ్లీ పొయ్యాలి. కూత ఆగి, నురగ పోయాకే బరువు మీద పెట్టాలి. తర్వాత ఆయిలు, ఫిల్టర్ తొందరగా మార్చాలి. చాలా మిషన్లకి కొత్తలో మొదటి 50 గంటలకే మార్చమని పుస్తకంలో ఉంటుంది. విప్పి బిగించిన మిషన్‌కి కూడా అదే పాటించండి. ఆయిలు కూడా పుస్తకంలో రాసిన రకమే. డబ్బాల్లో మిగిలినవి కలిపి పోసే అలవాటు మన వాళ్లకి బాగా ఉంది, ఇంజన్ ఆయిలు, గేర్ ఆయిలు అన్నీ ఒకటే అన్నట్టు. హెచ్‌ఎస్‌టీ దగ్గర అది కుదరదు.

ఇంకొకటి. చార్జి పంపు ప్రెషర్, మెయిన్ ప్రెషర్ కొలవడానికి గేజు ఉంటుంది. ఏ మిషన్‌కి ఎంత ఉండాలో కంపెనీ సర్వీస్ పుస్తకంలో ఉంటుంది. కొలవకుండా పంపు పోయిందని చెప్పేవాడి మాట నమ్మకండి. జ్వరం చూడకుండా సూది వేసే ఆర్‌ఎంపీలాగే అది. ఆ గేజు సెట్టు సంఘం తరఫున ఒకటి కొందామని ప్రతిపాదన పెడుతున్నాను. మన మండలంలో తిరిగే మిషన్లన్నిటికీ ఒక్కటి చాలు.

సర్వీస్ పుస్తకం దగ్గరికి వచ్చాం కాబట్టి ఆ మాట కూడా. ఆ పుస్తకం మనకివ్వరు, బయటి మెకానిక్‌కీ ఇవ్వరు. మిషన్ మనది, అప్పు మనది, కిస్తీ మనది, దాంట్లో ఎంత ప్రెషర్ ఉండాలో తెలుసుకునే హక్కు మాత్రం మనది కాదు! 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసింది. సెల్‌ఫోన్లు, కార్లతో పాటు వ్యవసాయ యంత్రాలు కూడా దాని పరిధిలో పెట్టింది. ఆ డిసెంబర్‌లో ఒక పోర్టల్ తెరిచారు. మంచిదే. కానీ పోర్టల్లో కంపెనీ ఇష్టమైనంత పెడుతుంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో రైతుల యంత్రాల కోసమే చట్టం చేసింది. పుస్తకాలు, పనిముట్లు, విడిభాగాలు రైతుకీ, బయటి మెకానిక్‌కీ ఇచ్చి తీరాలని. మన దగ్గర కూడా పుస్తకం తెలుగులో కావాలని, బలవంతంగా అసెంబ్లీ మొత్తం అంటగట్టకుండా లోపలి సామాను విడిగా అమ్మాలని మనం అడగాలి. మద్దతు ధర డిమాండు పక్కన ఇది కూడా ఒక డిమాండే.

షెడ్డువాళ్లతో ఎలా మెలగాలో చెప్తాను. వాళ్లూ మన పిల్లలే, చాలామంది కౌలు వదిలేసి పానా పట్టినవాళ్లు. గొడవ పెట్టుకోమని కాదు. బిల్లు తీసుకోండి. "జీఎస్టీ ఎందుకండీ, బిల్లు లేకుండా తగ్గించి ఇస్తాను" అంటే ఆశపడతాం, నేనూ పడ్డాను. ట్రాక్టర్లు, కోత మిషన్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. సామాను బిల్లులో ఎంత వేశారో చూసి అడగండి. ఏ సామాను మార్చారు, ఏది పాతది ఉంచారు, కూలర్ కడిగారా, ఎన్ని గంటలకి హామీ, ఇవి కాగితం మీద రాయించుకోండి. పాత సామాను సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకోండి.

ఇవన్నీ ఎందుకంటే, పని సరిగ్గా చెయ్యకపోతే అది సేవాలోపం. 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు. మిషన్ వ్యాపారానికి కదా, మీరు వినియోగదారులు కారు అని అవతలి లాయరు వాదిస్తాడు. సొంతంగా కష్టపడి నడుపుకుంటూ బతుకుతెరువు కోసం వాడేది వ్యాపారం కింద రాదని చట్టంలోనే ఉంది. పది మిషన్లు పెట్టి జీతగాళ్లతో తిప్పేవాడి సంగతి వేరు. రెండేళ్ల లోపు వెయ్యాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు. అంతకు ముందు 1915 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. నేను వెళ్లలేకపోయాను. నా దగ్గర బిల్లు లేదు, పాత సామాను లేదు, ఫిల్టర్లోంచి రాలిన తుక్కు ఒక్కటే మిగిలింది.

ఆ తుక్కు సీసాలో పోసి తెచ్చాను, ఈ టేబుల్ మీద పెడుతున్నాను, చేతుల్లోకి తీసుకుని చూడండి. కొత్త ఫిల్టర్, మూసుకుపోయిన ఫిల్టర్ రెండూ పక్కనే ఉన్నాయి. భోజనాలయ్యాక బయట వేపచెట్టు కింద మన మిషన్ ఉంటుంది. ఆ ముసలి మెకానిక్ గారు వస్తానన్నారు, ఫిల్టర్ ఎలా ఊడదియ్యాలో, గాలి ఎలా తియ్యాలో ఆయన చేతి మీదుగా చూపిస్తారు. డ్రైవర్లు ముందు నిలబడండి, యజమానులు వెనక నిలబడినా ఫర్వాలేదు.